ఎనిమిది రంగుల డబ్బా

మా అమ్మ పెళ్ళినాటి పట్టుచీర దానిమ్మగింజ రంగు. అంచు నెమలికంఠం. ఆ చీరని మడతపెట్టి చెక్కపెట్టె మీద ఉంచి, పక్కన ఇత్తడి చెంబు పెట్టి, వాటర్‌కలర్‌లో ఒక బొమ్మ వేశాను. ఫ్రేము కట్టించి హాల్లో తూర్పు కిటికీకి ఎదురుగోడకి తగిలించాం. మూడు ఎండాకాలాలు గడిచేసరికి అంచు నెమలికంఠంగానే ఉంది, చెంబు పసుపు చెక్కుచెదరలేదు, చీర ఒళ్ళు మాత్రం పలచటి గులాబీ మరకలా మిగిలింది.

“పెట్టెలో చీర ఉన్నది ఉన్నట్టే ఉంది, బొమ్మలో చీర వెలిసిపోయిందేమే?” అంది అమ్మ.

ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ పాత ట్యూబు బయటికి తీసి, దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు మొదటిసారి చదివాను. అప్పటిదాకా మూత మీద కనిపించే ఛాయ చూసి, పేరు చూసి కొనేదాన్ని. ఇరవై నాలుగు ట్యూబుల డబ్బా ఉండేది. అందులో పచ్చలే ఐదు. ఇప్పుడు నా డబ్బాలో ఉన్నవి ఎనిమిదే రంగులు. వాటిని ఎలా ఎంచుకున్నానో, ఎలా పరీక్షించి నింపుకున్నానో, వాటితో ఏమేం కలుపుతానో మొదట్నుంచీ చెబుతాను. వాటర్‌కలర్ నేర్చుకుంటున్నవాళ్ళు కొట్టుకి వెళ్ళకముందే ఇది చదివితే వాళ్ళ డబ్బులూ మిగులుతాయి, బొమ్మలూ మిగులుతాయి.

ముందు పేర్లు రాసుకోవాలి

కొనడానికి ముందు ఒక వారం పట్టే పని ఉంది. మీరు ఏం చూసి బొమ్మలు వేస్తారో అక్కడికి నోటుబుక్కు పట్టుకెళ్ళి, కనిపించిన రంగులన్నీ మాటల్లో రాసుకోవాలి. బొమ్మ గీయనక్కర్లేదు. నేను రాజమండ్రిలో గోదావరి గట్టున కూర్చునీ, కోనసీమ వెళ్ళే దారిలో ఆగి ఆగీ రాసుకున్నాను. వరదకి ముందొచ్చే ఎర్రనీరు, నారుమడి, కోతకొచ్చిన చేను, తడిసిన తాటిమాను, పెంకుటింటి కప్పు, ఇటుకబట్టీ, పొద్దుగూకే వేళ వంటపొగ, వాన కురవబోయే ముందు మబ్బు.

ఈ పనికి చీరల కొట్లో మన ఆడవాళ్ళు వాడే మాటలు ఎంతో అక్కరకొస్తాయి. చిలకపచ్చ, కనకాంబరం, వంకాయ రంగు, ముక్కుపొడి, గచ్చకాయ, పాలపిట్ట, నెమలికంఠం, గంధం, ఆవపిండి. అంత కచ్చితమైన పేర్లు ఏ కంపెనీ రంగుల పట్టికలోనూ నాకు దొరకలేదు. ప్రతి పేరూ ఒక వస్తువు కాబట్టి ఆ వస్తువుని తెచ్చి కాగితం పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. నా బల్ల మీద ఇప్పటికీ రెండు గచ్చకాయలు ఉంటాయి, రంగు సరిపోల్చుకోవడానికే.

నా జాబితా నలభై దాటింది. దాన్ని కుప్పలుగా విడదీసి చూస్తే సగానికి పైగా పచ్చలు, మట్టి రంగులు. ఆ తర్వాత బూడిద ఛాయలు. నిఖార్సైన ఎరుపు, ఊదా ఎక్కడో ఒకటీ అరా, పువ్వుల్లోనూ చీరల్లోనూ. అంటే నాకు కావలసింది మట్టినీ పచ్చనీ బాగా కలపగలిగే డబ్బా. అనంతపురంలో ఉండేవాళ్ళ జాబితాలో బండరాళ్ళు, ఎండుగడ్డి ఎక్కువ ఉంటాయి. విశాఖ వాళ్ళకి నీలాలు ఎక్కువ అవసరం. అమెరికాలో ఉంటున్న మావాళ్ళమ్మాయి ఒకతి రాసుకున్న పేర్లలో శిశిరంలో ఆకులు మారే రంగులే పదిహేను. ఎవరి డబ్బా వాళ్ళ జాబితాలోంచే పుట్టాలి.

ట్యూబు వెనక ఏముందో

వాటర్‌కలర్ అంటే పొడి రంగు, దాన్ని పట్టి ఉంచే బంక, ఎండి పెళుసెక్కకుండా కాస్త గ్లిజరిన్ లాంటిది. ఆ బంక మన తుమ్మకి దగ్గరి చుట్టమైన ఆఫ్రికా చెట్టుది. బొమ్మ తలరాతంతా ఆ పొడిలోనే ఉంటుంది. దాన్నే పిగ్మెంట్ అంటారు.

ట్యూబు ముందుభాగంలో ఉండే పేరు కంపెనీ ఇష్టం. శాప్ గ్రీన్ అనే పేరుతో ఒక్కో కంపెనీ ఒక్కో మిశ్రమం అమ్ముతుంది. ఇండియన్ ఎల్లో అని ఒకటుంది. ఒకప్పుడు బీహార్‌లోని ముంగేర్ దగ్గర మామిడాకులు మేపిన ఆవుల మూత్రంతో చేసేవారని 1883 నాటి నివేదికలో ఉంది. ఇవాళ ఆ పేరుతో దొరికే ట్యూబుల్లో ఆ పదార్థం లేదు, ప్రయోగశాలలో తయారైన పసుపులే ఉంటాయి. కాబట్టి పేరుని నమ్మి కొనకూడదు. వెనక ఉండే సంఖ్య చూడాలి. పీబీ29, పీవై3, పీవీ19 ఇలా ఉంటుంది. మొదటి పీ అంటే పిగ్మెంట్. తర్వాతది రంగు కుటుంబం: బీ నీలం, వై పసుపు, ఆర్ ఎరుపు, వీ ఊదా, జీ పచ్చ, బీఆర్ గోధుమ. ఆ పైన అంకె. కలర్ ఇండెక్స్ అనే అంతర్జాతీయ పట్టికలో ఇచ్చిన అంకె ఇది. ఏ దేశంలో ఏ కంపెనీ ట్యూబు కొన్నా మారదు.

వెలిసిపోయిన చీరకి నేను వాడిన ట్యూబు వెనక పీఆర్83 అని ఉంది. ఎలిజరిన్ క్రిమ్సన్. దాని కథ తెలిశాక నా మనసు చాలాసేపు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఎలిజరిన్ మన ఎరుపే. కృష్ణా తీరంలో కలంకారీ వాళ్ళు చిరివేరులోంచి తీసిన ఎరుపుకి మూలం అదే పదార్థం. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, గ్రేబే, లీబర్మన్, దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. కారు చౌకగా రావడంతో వేళ్ళ ఎరుపుకి బేరం పడిపోయింది. పటిక పట్టించిన నూలుబట్టలో ఆ ఎరుపు తరాల తరబడి నిలుస్తుంది. మన తీరం నుంచి ఓడలెక్కిన పాత అద్దకం బట్టలు విదేశీ మ్యూజియాల్లో ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. కాగితం మీద బంకతో పలచగా పరిచిన పొరలో మాత్రం అది వెలుతురుకి ఆగదు. వాటర్‌కలర్‌గా అది నిలవదని ప్రామాణిక పరీక్షల్లో ఎప్పుడో తేలింది. నేనే చదవలేదు.

కాబట్టి లేబుల్ మీద మూడు చూసుకోండి. ఒకటి, పిగ్మెంట్ సంఖ్య ఒక్కటే ఉండాలి. మూడు నాలుగు సంఖ్యలున్న ట్యూబులో కంపెనీవాళ్ళు ముందే కలిపేశారన్నమాట. దానికి మీరు ఇంకో రెండు కలిపితే ఐదారు పొడులు పోగై బురద అవుతుంది. రెండు, వెలుతురుకి నిలిచే గుణం. కొందరు ఒకటి, రెండు అని అంకెలతో చెబుతారు, కొందరు చుక్కలతో. అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణంలో 1, 2 అంకెలు రెండూ భేషైనవే. ఆ దిగువవి గోడకెక్కే బొమ్మలకి వద్దు. మూడు, పేరు చివర ‘హ్యూ’ అనే మాట ఉందా అని. ఉంటే అది అసలు పిగ్మెంట్ స్థానంలో దాన్ని పోలిన మరొకటి. పోలిక ఉన్నంత మాత్రాన చెడ్డదేం కాదు, ఏ సంఖ్యతో చేశారో చూసుకుంటే చాలు.

స్టూడెంట్ రకం, ఆర్టిస్ట్ రకం అని రెండు ధరల్లో అమ్ముతారు. స్టూడెంట్ రకంలో పొడి తక్కువ, నింపుడు సరుకు ఎక్కువ. చిక్కగా వేద్దామని ఎంత తీసుకున్నా పాలిపోయినట్టే ఉంటుంది. నా మాట వింటే ఇరవై నాలుగు స్టూడెంట్ ట్యూబులకి పెట్టే డబ్బుని ఎనిమిది మంచి ట్యూబులకి పెట్టండి. ఒకేసారి అక్కర్లేదు, నెలకొకటి కొన్నా సరే.

జతలుగా ఎంచుకోవడం

ఎరుపు, పసుపు, నీలం ఉంటే అన్నీ వస్తాయని బడిలో చెప్పారు. వస్తాయి గానీ ఎరుపు అంటే ఏ ఎరుపు? కనకాంబరం వైపు మొగ్గే ఎరుపు ఉంది, చందనకావి చీర మీద గులాబీ అంచులా నీలం వైపు మొగ్గే ఎరుపు ఉంది. మొదటిదాంట్లో కాస్త పసుపు దాగి ఉంటుంది. దానికి నీలం కలిపి వంకాయ రంగు చేద్దామంటే, దాగిన పసుపు పైకొచ్చి మూడు రంగులూ కలిసిపోయి ఇటుకపొడిలా చప్పబడుతుంది. అందుకే ప్రతి మూలరంగుకీ వెచ్చనిది ఒకటి, చల్లనిది ఒకటి కావాలి.

పసుపుల్లో చల్లనిది నిమ్మపండు రంగు, పీవై3. వెచ్చనిది బంతిపువ్వు రంగు, పీవై65. లేబుళ్ళ మీద హన్సా ఎల్లో లైట్, హన్సా ఎల్లో డీప్ లాంటి పేర్లుంటాయి. ఎరుపుల్లో వెచ్చనిది పైరోల్ స్కార్లెట్, పీఆర్255. చల్లనిది క్వినాక్రిడోన్ రోజ్, పీవీ19. క్వినాక్రిడోన్ రంగులు 1958లో అమ్మకానికొచ్చాయి. ఎలిజరిన్ చేసే పని చేస్తూ, ఎండకి నిలబడే రంగు కోసం వెతికేవాళ్ళకి ఇదే జవాబు. నేను మొదట కొన్న మంచి ట్యూబు ఇదే.

నీలాల్లో వెచ్చనిది అల్ట్రామెరీన్, పీబీ29. దీన్ని గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకెళ్ళలేను. పూర్వం ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల్లో దొరికే నీలిరాయిని నూరి తీసేవారు. బంగారంతో తూగేది. 1824లో ఫ్రాన్సులో ఒక సంఘం, దీన్ని చవగ్గా తయారుచేసిన వారికి 6000 ఫ్రాంకులు ఇస్తామని ప్రకటించింది. గీమే అనే ఆయన 1828లో ఆ బహుమతి అందుకున్నాడు. ఆ తర్వాత ఎంత చవకైందంటే, మన ఇళ్ళలో తెల్లబట్టలకి పెట్టిన నీలిపొడి, సున్నంలో కలిపిన నీలిపొడి కూడా ఇదే. రాజులు కొనలేని రంగు చాకిరేవుకి చేరింది. కాగితం మీద తడిలో ఇది సన్నటి రేణువులుగా విడిపోయి కాగితం గుంటల్లో దిగుతుంది. వానమబ్బు వేసేటప్పుడు ఆ రేణువులే సగం పని చేసిపెడతాయి.

చల్లని నీలం థాలో బ్లూ, పీబీ15:3. 1935లో మార్కెట్టుకొచ్చింది. పచ్చ వైపు మొగ్గుతుంది, గొప్ప పదునైన రంగు. ఆవగింజంత పడితే గిన్నెడు పసుపు పచ్చనైపోతుంది. కాబట్టి ఎప్పుడూ పసుపులోకి దీన్ని తేవాలి, దీనిలోకి పసుపుని తేకూడదు.

మిగిలినవి రెండు మట్టి రంగులు. ఎల్లో ఆకర్, పీవై43. పసుపుపచ్చని ఇనుపమట్టి. బర్న్ట్ సియన్నా, పీబీఆర్7. ఇటలీలోని సియన్నా ఊరి పేరున్న మట్టిని కాలిస్తే వచ్చే ఎరుపు. మన కుమ్మరి ఆవంలో కుండ, బట్టీలో ఇటుక ఎందుకు ఎర్రబడతాయో ఇదీ అందుకే ఎర్రబడుతుంది. మంటకి మట్టిలోని ఇనుము తేమ వదిలి రంగు మారుతుంది. తెలంగాణ ఊళ్ళలో గోడల అడుగున పూసే జాజు ఈ కుటుంబమే. మనుషులు గుహల గోడల మీద వేసిన బొమ్మల్లో ఎక్కువగా మిగిలినవీ ఈ మట్టి రంగులే. వెలిసిపోతాయన్న భయం లేదు.

నలుపు నేను కొనను, ఎందుకో కింద చెబుతాను. తెలుపు కాగితమే. గట్టు మీద కొంగ కావాలంటే కొంగంత చోటు తడి తగలకుండా వదిలేయాలి.

కాడ్మియం, కోబాల్ట్ పేర్లున్న రంగులు ఎంతో అందమైనవి, కానీ ఆ లోహాలు ఒంటికి మంచివి కావు. పిల్లలున్న ఇంట్లో నాకు వాటి జోలి వద్దనిపించింది. అవి వాడినా వాడకపోయినా కుంచె మొనని పెదాల మధ్య పెట్టి సన్నం చేసే అలవాటు మాత్రం మానుకోవాలి.

కిటికీ పరీక్ష

ట్యూబు కొన్న రోజునే బొమ్మ వేయను. బొమ్మకి వాడే కాగితం ముక్కే తీసుకుంటాను. 300 జీఎస్ఎం, పూర్తి నూలు కాగితం. నాసి కాగితం మీద ఎంత మంచి రంగైనా దిగాలుగా ఉంటుంది కాబట్టి పరీక్ష తప్పు చెబుతుంది. ముక్క మీద ముందు నల్ల మార్కర్‌తో అడ్డగీత గీసి ఆరనిస్తాను. దాని మీదుగా రంగుని ఒక చివర చిక్కగా, మరో చివరకి వచ్చేసరికి నీళ్ళలా పలచగా పరుస్తాను. ఆరాక నల్లగీత మీద రంగు తెరలా కనిపిస్తే అది కాంతిని అడ్డుకునే రంగు. గీత ఉన్నది ఉన్నట్టు కనిపిస్తే పారదర్శకం. తర్వాత తడి కుంచెతో ఒక మూల రుద్ది గుడ్డతో అద్దుతాను. అల్ట్రామెరీన్ చాలావరకు లేచి వస్తుంది. థాలో కాగితాన్ని పట్టుకుని వదలదు. తప్పు దిద్దుకోవచ్చా లేదా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది.

ఇంకో ముక్కని రెండు వేళ్ళ వెడల్పు పీలికలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక్కో రంగు పూసి, సగం భాగాన్ని మందపాటి నల్లకాగితంతో కప్పి, దక్షిణపు కిటికీ అద్దానికి లోపలివైపు అంటిస్తాను. ఉగాదికి అంటిస్తే దీపావళికి తీస్తాను. మన ఎండ కంటే కఠినమైన పరీక్షకుడు లేడు. మొదటి ఏడాది ఆ పాత ఎరుపునీ, పీవీ19నీ పక్కపక్కనే అంటించాను. దీపావళి ముందు రోజు నల్లకాగితం విప్పితే పీవీ19 పీలికలో కప్పిన సగానికీ కప్పని సగానికీ మధ్య గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పాత ఎరుపులో ఆ గీత గది అవతలి నుంచి కూడా కనిపించింది. అమ్మని పిలిచి చూపించాను. ఏమీ అనలేదు, పీలిక మీద వేలు పెట్టి రాసి చూసింది.

నింపడం

ఖాళీ హాఫ్ పాన్లు, అంటే చిన్న ప్లాస్టిక్ గిన్నెలు, రేకు డబ్బాతో సహా దొరుకుతాయి. ఒక్కోదాంట్లో రెండు మిల్లీలీటర్ల దాకా పడుతుంది. ట్యూబు మూత తీయగానే తేటగా జిగురు కారితే పారబోయకండి, అది రంగులోంచి విడివడ్డ బంక. గుండుసూదితో లోపల కలిపితే సరిపోతుంది. పాన్‌ని ఒకేసారి నిండా నింపకూడదు. సగం నింపి, పుల్లతో మూలల్లోకి తోసి గాలిబుడగలు పోగొట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, మళ్ళీ పైన పోయాలి. ఒకేసారి పోస్తే పైన పెచ్చు కట్టి లోపల తడిగా ఉండిపోతుంది. తర్వాత బీటలు వారుతుంది.

కోస్తాలో ఈ పని వానాకాలంలో పెట్టుకోవద్దు. శ్రావణంలో నింపిన పాన్ వారమైనా వేలికి అంటుతూనే ఉంది, పదో రోజున మీద తెల్లటి బూజు. తేనె కలిపి చేసే రంగులైతే మా ఊళ్ళో గట్టిపడనే పడవు, డబ్బా నిలబెడితే కారిపోతాయి. సంక్రాంతి తర్వాత, పొడిగాలి ఉన్నప్పుడు నింపుకుంటే చక్కగా కుదురుతాయి. పాన్ పక్కన పిగ్మెంట్ సంఖ్య రాసి పెట్టండి. ఎండిన థాలో, ఎండిన అల్ట్రామెరీన్ రెండూ నల్లగానే కనిపిస్తాయి. బొమ్మ మధ్యలో ఒకదానికి బదులు ఇంకోటి ముంచితే ఆకాశం పాడవుతుంది.

అమరికలో నా పద్ధతి ఒకటే. పసుపులు ఒక చివర, థాలో మరో చివర. మధ్యలో ఎరుపులు, మట్టి రంగులు. పసుపు పాన్‌లో నీలం చుక్క పడితే ఆ రోజంతా పసుపు పచ్చగానే ఉంటుంది.

ఇరవై ఎనిమిది గడులు

ఎనిమిది రంగుల్ని రెండేసి చొప్పున కలిపితే 28 జతలు. ఒక పెద్ద కాగితం మీద గడులు గీసి, ప్రతి గడిలోనూ ఒక జత. గడిని మూడు భాగాలు చేసి ఒక పక్క మొదటి రంగు ఎక్కువ, మధ్యలో సమానం, ఇంకో పక్క రెండోది ఎక్కువ. ఒక ఆదివారం పట్టే పని. ఇది మీ చేత్తో మీరు చేసుకోవాలి, ఇంకొకరు చేసిన పట్టిక చూస్తే చేతికి ఏమీ అందదు.

నేను చేసేటప్పుడు అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా గడికి వచ్చాను. పింగాణీ పళ్ళెంలో అల్ట్రామెరీన్ ఒక మడుగు చేసి, కుంచె కొసతో సియన్నా కొంచెం తాకించాను. నీలం నెమ్మదిగా తేలిక తప్పి, ఆషాఢం మబ్బులా బరువెక్కింది. ఇంకాస్త తాకించాను. నీలమూ అనలేం, గోధుమా అనలేం అన్న చోట రంగు ఆగింది. గచ్చకాయ తెచ్చి పక్కన పెట్టాను. సరిగ్గా అదే. ఇంకాస్త సియన్నా వేసి కాగితం మీద పెట్టి, “ఇది తాటిమాను” అన్నాను.

అమ్మ తల వంచి చూసి, “తాటిమాను కాదే, ముక్కుపొడి. మీ నాయనమ్మ చీర ఒకటి ఇదే రంగు” అంది.

నిజమే. తాటిమానుకి ఇంకా నీలం కావాలి. ఒక్క జతలో మబ్బు, గచ్చకాయ, తాటిమాను, ముక్కుపొడి, చివరకి పెంకుటిల్లు వరుసగా నిలబడ్డాయి. నీళ్ళు తగ్గించి రెండూ చిక్కగా కలిపితే వచ్చేది నలుపే. ట్యూబు నలుపు చచ్చినట్టు ఉంటుంది, ఈ నలుపులో వెచ్చదనమో చల్లదనమో మన చేతిలో ఉంటుంది. నలుపు కొననన్నది ఇందుకే.

పచ్చల గడులు ఇంకా ముచ్చటైనవి. నిమ్మ పసుపులోకి థాలో ఆవగింజంత తెస్తే నారుమడి. ఆ పచ్చని ఏ ట్యూబూ ఇవ్వలేదు నాకు. ఇంకొంచెం తెస్తే చిలకపచ్చ. బంతి పసుపుకి అల్ట్రామెరీన్ కలిపితే నెమ్మదైన పచ్చ, ముదురు మామిడాకు. దానికి సియన్నా తగిలిస్తే తడిసిన కొబ్బరాకు అడుగుభాగం. ఎల్లో ఆకర్‌కి చిటికెడు అల్ట్రామెరీన్ వేస్తే వెన్ను వంచిన చేను, కోతకి ఇంకో వారం ఉందనగా ఉండే రంగు. మామిడి చిగురు తొలిరోజుల్లో రాగి రంగులో ఉంటుంది కదా, దానికి పచ్చలేవీ వద్దు, పీవీ19కి ఆకర్ కలిపితే చాలు. పాత డబ్బాలో ఐదు పచ్చలున్నా వీటిలో ఒక్కటీ సూటిగా దొరికేది కాదు.

అల్ట్రామెరీన్‌కి పీవీ19 కలిపితే నిగనిగలాడే వంకాయ. అదే అల్ట్రామెరీన్‌కి స్కార్లెట్ కలిపిన గడి చూడండి, చింతపండు పులుసు. రెండు గడుల్నీ పక్కపక్కన చూస్తే వెచ్చన చల్లన అన్న మాటలకి అర్థం వివరించి చెప్పక్కర్లేదు.

ఒక బొమ్మకి నాలుగు చాలు

డబ్బాలో ఎనిమిది ఉన్నాయని ఒకే బొమ్మలో ఎనిమిదీ దింపను. ఉదాహరణకి గోదావరికి కొత్తనీరు వచ్చిన రోజు. జూలైలో పైన మబ్బు కమ్ముకుని, నీళ్ళు ఎర్రటి చాయలా, అవతలి గట్టు పలచటి గీతలా ఉంటుంది. ముందు పోస్టుకార్డంత ముక్క మీద పెన్సిల్‌తో ముదురు, మధ్యస్థం, లేత అని మూడే ఛాయల్లో గీసుకుంటాను. ముదురూ లేతా సరిగ్గా పడకపోతే ఏ రంగూ ఆ బొమ్మని నిలబెట్టదు. తర్వాత రంగులు ఎంచుకుంటాను: ఆకర్, సియన్నా, అల్ట్రామెరీన్, పీవీ19. థాలోకి ఇక్కడ పని లేదు. ఆ బురదనీటి పక్కన అది అరుస్తుంది.

రెండు గ్లాసుల నీళ్ళు పెట్టుకుంటాను, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగులో కలపడానికి. ఆకాశాన్ని తడిపి, అల్ట్రామెరీన్‌లో సియన్నా కలిపిన మబ్బు వదులుతాను. దిగువకి వచ్చేచోట పీవీ19 ఒక చుక్క, మబ్బు కింద మిగిలిన వెలుగుకి. నీళ్ళకి ఆకర్, సియన్నా కలిపి, అది తడిగా ఉండగానే ఆకాశానికి వాడిన బూడిద మిశ్రమాన్నే అక్కడక్కడా తాకిస్తాను. మబ్బు రంగు నీళ్ళలోకి దిగితే తప్ప ఆ రెండూ ఒక ఊరివని అనిపించదు. ఆరాక వాటర్‌కలర్ ఒక మెట్టు లేతబడుతుంది కాబట్టి తడిలో కాస్త ఎక్కువే అనిపించేలా వేయాలి.

ఈ పొదుపు నాకు నేర్పినవి మా ఊరి దామెర్ల రామారావు గారి చిత్రాలు. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండానే మశూచితో పోయిన మనిషి. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళినప్పుడల్లా ఒక్కో బొమ్మ ముందు నిలబడి, ఇందులో అసలు ఎన్ని రంగులున్నాయి అని వేళ్ళ మీద లెక్కపెడతాను. ఒళ్ళు రంగే గోడ మీదా, గోడ రంగే బట్ట మీదా కాస్త కాస్త మారి కనిపిస్తున్నట్టు ఉంటుంది నాకు. చిత్రకళ మీద ఇష్టం ఉన్నవాళ్ళు మా ఊరు వస్తే చూడకుండా వెళ్ళకండి.

ఏడాది తర్వాత

డబ్బా నింపిన ఏడాదికి పాన్ల అడుగులు చూశాను. ఆకర్, అల్ట్రామెరీన్ మూడోసారి నింపుకుంటున్నాను. సియన్నా రెండోసారి. థాలో ఇంకా సగం ఉంది. స్కార్లెట్‌లో కనకాంబరాలకి వాడిన గుంట ఒక్కటే. నా నోటుబుక్కులో రాసుకున్న కుప్పలకీ ఈ అడుగులకీ లెక్క చాలావరకు సరిపోయింది. కొత్తగా కొనాల్సి వస్తే ఇప్పుడు ఆకర్, అల్ట్రామెరీన్ రెండూ పెద్ద ట్యూబులు తీసుకుంటాను, స్కార్లెట్ అతి చిన్నది.

అమ్మ చీర మళ్ళీ వేశాను. దానిమ్మగింజ రంగుకి పీవీ19, అందులో కాస్త స్కార్లెట్, మడతల లోపల అల్ట్రామెరీన్ చాలా కొద్దిగా. అంచుకి థాలో, నిమ్మ పసుపు, ఆరాక దాని మీద పలచటి పీవీ19 పొర, నెమలికంఠంలో అటు తిప్పితే ఒకటి ఇటు తిప్పితే ఒకటి కనిపించే మెరుపు కోసం. ఈసారి కిటికీ ఎండ పడని గోడకి తగిలించాం. కొత్త పీలికలు మాత్రం ఈ ఉగాదికి మళ్ళీ కిటికీకి అంటించాను, నల్లకాగితం దీపావళికి విప్పాలి.